బొంగరాల వలలో ఒంటిదారి అల

చిన్నప్పుడు బొంగరం ఆడనివారు మనలో తక్కువ. గిర్రున తిరిగే బొంగరాన్ని వేలితో మెల్లగా నెట్టి చూడండి. నెట్టిన వైపు ఒరగదు. దానికి అడ్డ దిక్కుగా తల వంచుతుంది. దీనినే ప్రెసెషన్ అంటాము. పిల్లల ఆటలోని ఈ సంగతి ఘనస్థితి భౌతికశాస్త్రంలో ఒక మౌలికమైన ప్రశ్నకు జవాబు చెప్పిందంటే నమ్మబుద్ధి కాదు. కాని నిజం.

మామూలు అంచు తరంగం

ఘనపదార్థాల ఉపరితలం వెంట పాకే తరంగాలను లార్డ్ రేలీ 1885లోనే వర్ణించాడు. భూకంపంలో నేలను ఊపేవాటిలో ఇవీ ఉన్నాయి. ఇవి ఏ దిక్కుకైనా పోగలవు. దారిలో పగులు తగిలితే కొంతభాగం వెనక్కి మళ్ళుతుంది. లోహాల్లో పగుళ్ళు కనిపెట్టడానికి ఈ గుణమే ఉపయోగపడుతుంది. మరి అడ్డు తగిలినా వెనుదిరగని తరంగం ఉంటుందా?

షికాగో ప్రయోగం

2015లో షికాగో విశ్వవిద్యాలయంలో విలియం ఇర్విన్ బృందం 54 గైరోస్కోపులను తేనెపట్టు గదుల ఆకారంలో వేలాడదీసింది. ఒక్కొక్కటి మోటారుతో తిరిగే బొంగరం లాంటిదే. పక్కపక్కవాటిని అయస్కాంత బలం కలుపుతుంది. ఈ వల లోపల కొన్ని పౌనఃపున్యాల కంపనాలు సాగవు. వాటిని నిషిద్ధ పట్టీ అందాం. ఆ పౌనఃపున్యంతో అంచున ఒక గైరోస్కోపును ఊపితే మాత్రం, అల అంచు వెంట ఒకే దిక్కుగా చుట్టి వస్తుంది. అంచున కొన్నింటిని తీసేసినా వెనక్కి రాదు. ఆ గుంటను చుట్టుకుని ముందుకే పోతుంది. వెనక్కి పోయే దారే దానికి లేదు!

పూర్ణసంఖ్య కాపలా

నేలకూ పైకప్పుకూ బిగించిన రాటకు తాడు చుట్టి, రెండు కొసలూ ముడివేశామనుకోండి. తాడును లాగండి, వదులు చేయండి. చుట్లు మూడైతే మూడే, మూడున్నర కావు. మార్చాలంటే తాడు తెంపాలి. ఇలా లాగినా సాగదీసినా మారని గుణాలను చదివే గణితశాఖే టోపాలజీ.

వల లోపలి కంపనాలకు కూడా చెర్న్ సంఖ్య అనే పూర్ణసంఖ్య ఒకటుంది. ఈ వలలో అది 1 లేక -1. వల బయట 0. నిషిద్ధ పట్టీ మూసుకుపోతే తప్ప ఆ సంఖ్య మారదు. ఐతే అంచు దాటితే మారక తప్పదు గదా! అందుచేత అంచున ఆ పట్టీలో కంపనం ఉండి తీరాలి. అది ఏ దిక్కుకు పోవాలో ఆ సంఖ్య గుర్తే చెబుతుంది.

ఈ ఆలోచన ఎలక్ట్రాన్ల నుంచి వచ్చింది. 1980లో ఫాన్ క్లిట్సింగ్ పూర్ణాంక క్వాంటం హాల్ ఫలితాన్ని కనుగొన్నాడు. 1982లో థౌలెస్, ఆయన సహచరులు దాని వెనుకనున్న పూర్ణసంఖ్యను చూపించారు. థౌలెస్‌కు 2016లో హాల్డేన్, కోస్టర్లిట్జ్‌లతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది.

క్రమం లేకపోతే?

అసలు చిక్కు ఇక్కడుంది. చెర్న్ సంఖ్యను మామూలుగా లెక్కకట్టేది, ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వచ్చే జాలకంలో. గాజులాంటి క్రమరహిత పదార్థంలో ఆ పునరావృత్తి లేదు. మరి అంచు తరంగం కూడా మాయమవుతుందా?

2018లో నోవా మిచెల్, ఇర్విన్ తదితరులు దీనికి జవాబిచ్చారు. కాగితం మీద చుక్కలు ఇష్టమొచ్చినట్లు చల్లండి. ప్రతి రెండు పక్క చుక్కలకూ సరిగా నడుమ గట్టు వేసుకుంటూ పోతే, పొలాల్లా గదులు ఏర్పడతాయి. మూడు గట్లు కలిసే ప్రతి చోటా ఒక గైరోస్కోపు పెట్టి, గట్ల వెంట కలపండి. ప్రతిదానికీ ముగ్గురు పొరుగువారు, తేనెపట్టులో లాగానే. దూరపు క్రమం పోయింది. ఇరుగుపొరుగు ఏర్పాటు మిగిలింది. అదే చాలింది! జాలకంతో పనిలేకుండా, స్థలాన్ని బట్టే లెక్కించే పద్ధతిలో చెర్న్ సంఖ్య సున్న కాలేదు. అంచు తరంగం ఒకే దిక్కుగా నడిచింది. లెక్కలోనే కాదు, ప్రయోగంలోనూ.

ఐతే ఈ రక్షణకు హద్దులున్నాయి. అలను వెనక్కి మళ్ళకుండా కాపాడుతుందే గాని, ఘర్షణ వల్ల క్షీణించకుండా కాపాడదు. మోటార్లు ఆపితే ప్రెసెషన్ లేదు, ఒంటిదారీ లేదు.

విద్యార్థి మిత్రులు గమనించవలసింది ఒకటుంది. ఘనస్థితి పాఠం మొదటి పేజీలోనే 'క్రమమైన జాలకాన్ని తీసుకొందాము' అని మొదలుపెడతాము. అది లెక్క సులువు కావడానికి మనం చేసుకొన్న ఏర్పాటు. కొన్నాళ్ళకు అదే ప్రకృతి నియమమని నమ్మేస్తాము. ఈ సంవత్సరం మీరు చదివే ప్రతి సూత్రం పక్కనా, ఇందులో ప్రకృతి చెప్పింది ఎంత, మన సౌకర్యం ఎంత అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. కొత్త పరిశోధన తరచు అక్కడే మొదలవుతుంది.