మొండి క్రిములకు జంట మందులు: ఎప్పుడు, ఎందుకు?

ఆసుపత్రిలో ఉన్న తమవారికి రెండు మూడు యాంటీబయాటిక్ మందులు ఒకేసారి ఎక్కించుట అతి కాదా అని పాఠకులు నన్ను అడుగుచుందురు. వాటికి బదులు గృహవైద్యమేదైనా కలదా అని అడుగువారును ఉన్నారు. ఈ పాఠములో ఆ విషయమును తెలిసికొందము.

మొండితనము ఎట్లు వచ్చును?

ఆసుపత్రిలో చేరిన 48 గంటల తరువాత మొదలైన అంటురోగమును సాధారణముగా అక్కడ సోకినదిగానే లెక్కింతురు. శ్వాసగొట్టము, మూత్రపు గొట్టము, నరమునకు పెట్టిన సూది, ఆపరేషను గాయము క్రిములకు ద్వారములు. నిత్యము మందులు వాడుచోట వాటికి లొంగని క్రిములే మిగిలి పెరుగును. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అట్టివి. వీటిలో కొన్ని మందును విరిచివేయు ఎంజైములను తయారుచేసికొనును. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగిలో 2008లో కనుగొన్న ఎన్‌డీఎం అట్టి ఎంజైమే. ఇది మెరోపెనెం వంటి బలమైన మందును సైతము నిర్వీర్యము చేయును.

రక్షణనిచ్చు కలయిక

మన వైద్యములో యోగమును కూర్చునప్పుడు ప్రతి ద్రవ్యమునకు ఒక పని నిర్ణయింతుము. ఇక్కడను అంతే. అమాక్సిసిలిన్‌తో కలిపే క్లావులానిక్ ఆమ్లము తానుగా క్రిములను పెద్దగా చంపదు. మందును విరుచు ఎంజైమును అడ్డుకొనును.

ఎన్‌డీఎం గల క్రిమిపై ఇదే యుక్తి పనిచేయుచున్నది. అజ్‌ట్రియోనాం అను మందును ఎన్‌డీఎం విరువలేదు. కాని అదే క్రిమిలో తరచుగా ఉండు ఇతర ఎంజైములు విరుచును. ఆ ఇతర ఎంజైములలో పెక్కింటిని అవిబాక్టం అణచును. ఒంటరిగా ఓడిపోవు మందు ఈ తోడుతో గెలువగలదు. ఈ జంటకు 2024లో ఐరోపాలో అనుమతి లభించినది.

బలమునకు బలము చేర్చుట

రెండు చంపు మందులను కలుపుట మరియొక పద్ధతి. క్షయలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడగా క్రిములు మొండివైనవి; మరొక మందు కలిపిన తరువాత ఆ బెడద తగ్గినది. కాని అన్నింటా ఇట్లే జరుగదు. ఇజ్రాయెల్, గ్రీసు, ఇటలీ దేశములలో మెరోపెనెం తరగతి మందులకు లొంగని క్రిములు సోకిన 406 మందిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడినది. కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 79 శాతము, మెరోపెనెం కూడ కలిపినవారిలో 73 శాతము చికిత్స విఫలమైనది. ఇది నమ్మదగినంత తేడా కాదని తేల్చిరి. వారిలో ఎక్కువమందికి సోకినది అసినెటోబాక్టర్.

కనుక మందుల సంఖ్య బలము కాదు. రోగి ప్రమాదస్థితిలో ఉన్నప్పుడు రిపోర్టు రాకముందే వైద్యులు రెండు మందులు మొదలుపెట్టవచ్చును. రిపోర్టు వచ్చిన పిదప అవసరము లేనిదానిని ఆపుట మంచి వైద్యము.

కుటుంబసభ్యులు చేయవలసినవి

1. కల్చర్ పరీక్షకు పంపినారా, ఏ మందుకు క్రిమి లొంగుచున్నది అని వైద్యుని మర్యాదగా అడుగవలెను.

2. చూర్ణములు, భస్మములు, కషాయములు వైద్యునికి చెప్పక రోగికి ఇయ్యరాదు. కొలిస్టిన్, అమికాసిన్ వంటివి మూత్రపిండములకు హాని చేయగలవు. తెలియని మందు తోడైన ఆ భారము పెరుగవచ్చును. రక్తములో చేరిన మొండి క్రిములను వంటింటి మందు చంపజాలదు.

3. రోగిని తాకుటకు ముందు, తరువాత చేతులు శుభ్రపరచుకొనవలెను. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించెను.

4. సాధారణ జలుబునకు యాంటీబయాటిక్ పనిచేయదు. అప్పుడు విశ్రాంతి, వేడినీరు, శొంఠి కషాయము ఉపశమనమునకు చాలును.

గృహవైద్యము చేయగల గొప్ప సేవ ఇదియే. చిన్న బాధలకు పెద్ద మందులను వాడనీయకుండ కాపాడిన, ప్రాణాపాయ సమయమున ఆ మందులు మనకు పనికివచ్చును.