సందేహాలు - సమాధానాలు: మగ్గాల వాడకు గ్రాంటు వచ్చేదెలా?

ప్రశ్న: మా మండలి పదేళ్లుగా పిల్లలకు సాయంత్రం చదువుగది నడుపుతోంది. అంతా చందాలతోనే. ఈ ఏడు ఒక ఫౌండేషన్‌కు దరఖాస్తు పెడితే "ఈసారి వీలుపడదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నకలు పంపుతున్నాను. లోపం ఎక్కడుంది?
- మండలి కార్యదర్శి, సాఖర్ పేట, సోలాపూర్

సమాధానం: నకలు చదివాను. మన పద్మశాలీల ఆరాధ్యుడు మార్కండేయ మహర్షితో మొదలుపెట్టారు. తెలంగాణ పల్లెల నుంచి మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ రావడం, సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కడం, అన్నీ రాశారు. చదువుగది సంగతి మూడో పేజీలో వచ్చింది, అడిగిన మొత్తం చివరి పేజీలో. ముంబైలోనో పుణేలోనో కూర్చుని కట్టల కొద్దీ దరఖాస్తులు తిరగేసే మనిషి మూడో పేజీ దాకా రాడండీ.

"వాడలో విద్యావికాసానికి కృషి" అని రాశారు. దాని బదులు ఇలా రాయండి: "తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి పాళీకి వెళ్తాడు. ఇల్లు ఒకటే గది. పక్కనే కార్ఖానా మోత. అలాంటి ఇళ్లలోని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గది, దీపం, లెక్కలు చెప్పే మాస్టారు." ఆ వెంటనే ఎంతమంది పిల్లలు, ఏడాదికి ఎంత ఖర్చు, అందులో మీ చందాలు ఎంత, వాళ్లను అడిగేది ఎంత. ఏడాది చివర ఏం చూపిస్తారో కూడా చెప్పండి: హాజరు పట్టీ, పదో తరగతి ఫలితాలు. ఇదంతా ఒక పేజీలో ఇముడుతుంది. చరిత్ర రాయాలనిపిస్తే చివర నాలుగు వాక్యాలు చాలు.

బడ్జెట్‌లో కరెంటు బిల్లు, గది కిరాయి, మాస్టారి జీతం అన్నీ "ఇతర ఖర్చులు" కింద కలిపేశారు. దాతకు అనుమానం వచ్చేది అక్కడే. విడివిడిగా రాయండి.

ఇంకో సంగతి. ఫౌండేషన్లలో కమ్యూనిటీ ఫౌండేషన్ అని ఒక రకం ఉంది. అది ఒక్క ధనికుడి ట్రస్టు కాదు. ఒక ప్రాంతంలోని నలుగురు దాతల డబ్బు ఒకచోట చేర్చి, ఆ ప్రాంతానికే ఖర్చుపెట్టేది. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఈ పద్ధతి మొదలైంది. మన దేశంలో 1991లో ఏర్పడిన బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్ట్ ఇలాంటిదే, కానీ అది ముంబై కోసం. మీరు అడగబోయే సంస్థ పరిధిలో సోలాపూర్ ఉందో లేదో ముందు చూసుకోండి. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్సార్) నిధులకైనా అంతే. ఫతాటేవాడి దగ్గర ఎన్టీపీసీ విద్యుత్ ప్లాంటు ఉంది కదా అని ఆశపడతాం. చట్టం కంపెనీని తన చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. పేటలోని మనకన్నా ప్లాంటు పక్క పల్లెలు ముందు వస్తాయి.

అసలు గండం వేరే చోట ఉంది. మీరు జతపరిచిన షెడ్యూల్ 1 ఉతారాలో (ధర్మాదాయ కార్యాలయం ఇచ్చే ట్రస్టు రిజిస్టరు నకలులో) ఏడుగురు ట్రస్టీల పేర్లు ఉన్నాయి. అందులో ముగ్గురు కాలం చేశారని మీ ఉత్తరమే చెబుతోంది! మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ మారిన 90 రోజుల్లో చేంజ్ రిపోర్ట్ వేయాలి. సంతకం పెట్టేవారి పేరు ఉతారాలో లేకపోతే ఏ దాతా చెక్కు ఇవ్వడు. ముందు ధర్మాదాయ కార్యాలయానికి వెళ్లి ఈ పని పూర్తిచేయండి. దరఖాస్తు తర్వాత.

ప్రశ్న: మా సంస్థ నిబంధనల్లో "పద్మశాలీ సమాజ ఉన్నతి కోసం" అని ఉంది. 80జీ (దాతలకు ఆదాయపు పన్ను రాయితీ) రాదంటున్నారు, నిజమా?
- ఒక పాఠకురాలు, దత్త నగర్

సమాధానం: ఒక కులానికో మతానికో పరిమితమైన సంస్థకు 80జీ వర్తించదు. అయితే వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు చట్టంలోనే వెసులుబాటు ఉంది. అంచేత తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అయినా నా సలహా ఒకటే: "నేత, బీడీ కార్మిక కుటుంబాలు" అని మార్చుకోండి. మన వాళ్లకు దక్కేది తగ్గదు, వాడలోని కన్నడ, మరాఠీ, ముస్లిం ఇళ్ల పిల్లలూ లెక్కలోకి వస్తారు. కంపెనీల సీఎస్సార్ డబ్బు కావాలంటే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు నమోదు), 80జీలతో పాటు మూడేళ్ల పని అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్సార్-1 నమోదు కూడా ఉండాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ మండలికి ఏటా డాలర్లు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?
- విడీ ఘర్‌కుల్ పాఠకుడు

సమాధానం: బావ చేతిలో ఏ పాస్‌పోర్టు ఉంది? భారత పాస్‌పోర్టే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలు ఖాతాలో తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. రాఖీ పున్నమికి మార్కండేయ రథోత్సవం చూడటానికి వచ్చి చేతికి రూపాయలు ఇచ్చినా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా ముట్టుకోకూడదు. నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో 15 లక్షలు ఖర్చుచేసి ఉండాలి. డబ్బు దిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. "నీ సొంత ఖాతాలో వేయించుకుని మండలికి మళ్లించు" అని ఎవరైనా చెబితే వినకండి.

ప్రశ్న: గ్రాంటు ఇప్పిస్తానని, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నమోదు కూడా తానే చేయిస్తానని ఒకాయన పది శాతం అడుగుతున్నాడు. నమోదుకు ముందే కొంత ఇవ్వాలట.
- పేరు వద్దన్న పాఠకుడు, నీలం నగర్

సమాధానం: ఇవ్వకండి. గ్రాంటులోంచి వాటా తీస్తే ఆ మొత్తాన్ని లెక్కల్లో ఏ పద్దు కింద చూపిస్తారు? ఆడిటర్ పట్టుకుంటాడు, దాత మళ్లీ మీ గడప తొక్కడు. సీఎస్సార్-1 మీద సీఏ డిజిటల్ సంతకం అవసరమైతే ఆయన ఫీజు ఇవ్వడం న్యాయం, రసీదు తీసుకోండి. దర్పణ్ నమోదు మీరే చేసుకోవచ్చు. దానికి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు.