ప్రశ్నలు - జవాబులు: కాగితాల సంగతి పిల్లలకు చెప్పారా?

ప్ర: మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు మావారి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అట్లాంటా వచ్చాం. ఉద్యోగం పోయింది, వీసా పోయింది, మేం ఉండిపోయాం. వాడిప్పుడు పదకొండో గ్రేడు. నోరు తెరిస్తే జార్జియా టెక్ మాటే. స్టేటస్ లేదని వాడికి తెలియదు. లెర్నర్స్ పర్మిట్ అడిగితే ఇన్సూరెన్స్ ఎక్కువని తప్పించాను. వాడికి చెప్పకుండా కాలేజీలో చేర్పించే దారి ఉందా?

జ: లేదమ్మా. ఇలాంటి ఉత్తరాలు ప్రతి అడ్మిషన్ల సీజన్‌లోనూ వస్తాయి, అన్నీ ఆలస్యంగానే.

ఇన్నాళ్లూ బడిలో ఎవరూ అడగలేదంటే కారణం ఉంది. కాగితాల్లేవని పిల్లలకు బడి తలుపు మూయకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రక్షణ హైస్కూలుతో సరి. కాలేజీ దగ్గర రాష్ట్రానికో తీరు. జార్జియాలో ప్రభుత్వ యూనివర్సిటీల పాలకమండలి (రీజెంట్లు) 2010లో పెట్టిన నియమం ఉంది: అర్హులందరికీ సీటివ్వలేని ప్రభుత్వ యూనివర్సిటీలు స్టేటస్ లేనివాళ్లను చేర్చుకోకూడదు. జార్జియా టెక్, యూనివర్సిటీ ఆఫ్ జార్జియా రెండూ ఆ కోవలోవే. మిగతా ప్రభుత్వ కాలేజీలు చేర్చుకుంటాయి, ఫీజు మాత్రం బయటి రాష్ట్రం వాళ్ల లెక్కన. ఫెడరల్ గ్రాంటు, లోను ఎక్కడా రావు. కొన్ని ప్రైవేటు కాలేజీలు సొంత డబ్బుతో స్కాలర్‌షిప్ ఇస్తాయి, వాటిని ఇప్పటినుంచే వెతకాలి. చిన్నప్పుడు వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవాళ్లను పంపేయకుండా ఆపే డాకా పథకం మాట మరిచిపోండి. అది 2007 జూన్ 15కి ముందు వచ్చినవాళ్లకు.

మీరు చెప్పకపోతే వాడికి తెలియదనుకుంటున్నారా? అప్లికేషన్‌లో సోషల్ సెక్యూరిటీ నంబరు గడి దగ్గర ఆగి, "అమ్మా, నా నంబరెంత?" అంటాడు. అప్పుడు కూడా ఇన్సూరెన్స్ ఎక్కువనే అంటారా?

ఇంకో తేదీ గోడమీద రాసిపెట్టుకోండి: వాడి 18వ పుట్టినరోజు. అంతవరకు అక్రమంగా ఉన్న కాలం వాడి లెక్కలో పడదు. ఆ తర్వాత 180 రోజులు దాటి దేశం విడిస్తే 3 ఏళ్లు, ఏడాది దాటి విడిస్తే 10 ఏళ్లు తిరిగి రానివ్వరు. హైదరాబాద్‌లో బీటెక్ చదివించే ఆలోచన ఏ మూలనో ఉంటే, ఆ ఆరు నెలల లోపే తేల్చుకోవాలి. వాడి పాస్‌పోర్టు గడువు ఉందో లేదో కూడా చూడండి. చదవాల్సినవాడు వాడు, వెళ్లాలా ఉండాలా అన్నది వాడికి తెలియకుండా ఎలా తేలుస్తారు? ఈ వారంలోనే కూర్చోబెట్టి చెప్పండి, మీవారు కూడా పక్కనుండాలి. తర్వాత ముగ్గురూ కలిసి ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లండి. గుళ్లో కలిసిన అన్నయ్యగారు లాయరు కాదు.

ప్ర: ఫారంలో 'సిటిజన్' అని టిక్ పెడితే ఎవరు చూడొచ్చారు?

జ: వద్దు బాబూ. పౌరుడినని అబద్ధం చెప్పినవాడికి గ్రీన్‌కార్డు ఎప్పటికీ రాకుండా పోవచ్చు, దానికి మాఫీ దాదాపు లేదు.

ప్ర: డాలస్‌లో ఉంటాం. స్టేటస్ లేకపోయినా అక్కడే హైస్కూలు చదివినవాళ్లకు ఇన్-స్టేట్ ఫీజేనన్నారు. ఇప్పుడు కాదంటున్నారు. ఏది నిజం?

జ: రెండూ. అలాంటి చట్టం దేశంలో మొదట తెచ్చింది టెక్సాసే, 2001లో. 2025 జూన్ 4న ఫెడరల్ ప్రభుత్వం దావా వేసింది, రాష్ట్రం ఆ రోజే ఒప్పేసుకుంది, జడ్జి ఆ రోజే ఆపేశారు. కమ్యూనిటీ కాలేజీ ఫీజు ఎంతవుతుందో కనుక్కోండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ప్ర: మేం చట్టప్రకారం వచ్చాం. అమ్మాయికి 20, హెచ్1బీ వాళ్ల పిల్లలకిచ్చే హెచ్4 మీద ఉంది. దొంగదారిన వచ్చినవాళ్ల గొడవ మీ శీర్షికలో మాకెందుకు?

జ: ఎందుకంటే 21 నిండిన రోజున మీ అమ్మాయి హెచ్4 కూడా పోతుంది. గ్రీన్‌కార్డు క్యూ కదిలేలోపు ఆ వయసు దాటుతున్న మన పిల్లలు తక్కువమంది కాదు. ఈలోపే ఎఫ్1 స్టూడెంట్ వీసాకి అప్లై చేయకపోతే, మీరు దొంగదారి అన్నవాళ్ల పక్కనే నిలబడాలి. పైగా డాకా, అది పెట్టిన నాటికే స్టేటస్ లేనివాళ్ల కోసం, మీ అమ్మాయికి ఆ గొడుగు కూడా లేదు. ఈ సంగతి ఆమెకు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

ప్ర: ఇంతకీ పిల్లలకు ఏ వయసులో చెప్పాలంటారు? మనసు నొచ్చుకోదా?

జ: నొచ్చుకుంటుంది. అయినా తొమ్మిదో గ్రేడుకు ముందే చెప్పండి. ఇన్-స్టేట్ ఫీజు ఇచ్చే రాష్ట్రాల్లో చాలావరకు అక్కడి హైస్కూల్లో ఎన్నేళ్లు చదివారో చూస్తాయి. అప్పుడైతే ఇల్లు మారడానికైనా వ్యవధి ఉంటుంది.