కరిచింది కుక్క కాకపోతే? జంతువును బట్టి మారే రేబిస్ వైరస్

గత వానాకాలంలో భిలాయ్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. పెరట్లో కట్టెల కుప్ప సర్దుతుంటే ముంగిస వేలు కొరికిందట, రక్తం కూడా వచ్చిందట. "పసుపు అద్దేనురా. కుక్క కరిస్తే సూదులు గానీ, ముంగిసకి సూదులేటి?" అంది.

ముందు సబ్బుతో కడుక్కుని, వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్నాను. వెళ్లింది. కానీ ఆమె అడిగినదాంట్లో మంచి ప్రశ్నే ఉంది. కుక్కలో ఉండే రేబిస్ వైరస్, ఇతర జంతువుల్లో ఉండే రేబిస్ వైరస్ ఒకటేనా? తేడా ఉంటే, కుక్కకాటుకు ఇచ్చే టీకా ముంగిస కాటుకు పనిచేస్తుందా?

ఒకటే వైరస్, ఎన్నో రకాలు

రేబిస్ వైరస్ తుపాకీ తూటా ఆకారంలో ఉంటుంది. లోపల సుమారు 12 వేల 'అక్షరాల' పొడవున్న ఆర్‌ఎన్‌ఏ పోగు, అందులో ఐదే జన్యువులు. ఆ పోగుకు నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దుకునే ఏర్పాటు ఈ వైరస్‌కు లేదు. అందుకే చిన్న చిన్న మార్పులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు వైరస్‌కు నష్టం చేసేవే కాబట్టి నిలవవు. కానీ వైరస్ ఒకే జాతి జంతువుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నప్పుడు, ఆ జంతువు శరీరానికి, జీవన విధానానికి నప్పిన మార్పులు మిగిలిపోతాయి. అలా కుక్క రకం, ఎర్రనక్క రకం, ముంగిస రకం, గబ్బిలం రకం ఏర్పడ్డాయి.

ఏ రకమైనా క్షీరదాలన్నింటికీ సోకగలదు. కానీ తనకు అలవాటైన జంతువులోనే అది తరతరాలు నిలవగలదు. పిచ్చికుక్క కరిచిన ఆవు చనిపోతుంది. ఆ ఆవు నుంచి మరో ఆవుకు వ్యాధి సాధారణంగా సాగదు, గొలుసు అక్కడితో తెగిపోతుంది. దీన్ని శాస్త్రవేత్తలు 'స్పిల్‌ఓవర్' అంటారు. ఆ ఆవు మెదడులోని వైరస్‌ను పరీక్షిస్తే కనిపించేది కుక్క రకమే.

మార్పు ఎంత చిన్నదైనా ఫలితం పెద్దది కావచ్చు. వైరస్ పైపొర మీద ముళ్లలా కనిపించే జి-ప్రొటీన్ సుమారు 500 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 333వ స్థానంలోని ఆర్జినిన్ స్థానంలో కొన్ని ఇతర అమైనో ఆమ్లాలు వస్తే, పెద్ద ఎలుకలను చంపే శక్తిని వైరస్ కోల్పోతుంది. జంతువులకు నోటి ద్వారా ఇచ్చే ఒక టీకాను ఈ కిటుకుతోనే తయారు చేశారు.

పాశ్చర్ కుందేళ్లు

జంతువు మారితే వైరస్ స్వభావం మారుతుందని జన్యువుల సంగతి తెలియని రోజుల్లోనే లూయీ పాశ్చర్ గమనించాడు. వైరస్‌ను ఒక కుందేలు మెదడు నుంచి మరో కుందేలుకు వరుసగా ఎక్కిస్తూ పోయాడు. వ్యాధి బయటపడే వ్యవధి తగ్గుతూ వచ్చి, చివరకు వారం దగ్గర స్థిరపడింది. అదే వైరస్‌ను కోతుల్లో వరుసగా ఎక్కిస్తే కుక్కల మీద దాని తీవ్రత తగ్గింది. వీధుల్లో తిరిగేదాన్ని 'స్ట్రీట్ వైరస్' అనీ, ఇలా ప్రయోగశాలలో స్థిరపడినదాన్ని 'ఫిక్స్‌డ్ వైరస్' అనీ నేటికీ పిలుస్తున్నాం. 1885 జులై 6న ఒక బాలుడికి పాశ్చర్ ఇచ్చిన తొలి టీకా, అలాంటి కుందేలు వెన్నుపామును ఎండబెట్టి చేసినదే.

మన దేశం నుంచి వెళ్లిన ముంగిస

కొత్త జంతువులో వైరస్ స్థిరపడిపోవడానికి మంచి ఉదాహరణ మన ముంగిసే. చెరకు తోటల్లో ఎలుకల బెడద తగ్గించాలని 1872లో భారత్ నుంచి కొన్ని ముంగిసలను జమైకాకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి కరీబియన్ దీవులెన్నింటికో అవి చేరాయి. ఆ దీవుల్లో కుక్కల వైరస్ వాటికి సోకింది. జమైకాలో రేబిస్ లేదు గానీ, ప్యూర్టోరికో, క్యూబా, గ్రెనడా వంటి చోట్ల ఆ వైరస్‌ను నేటికీ నిలబెడుతున్నవి ముంగిసలే. దక్షిణాఫ్రికాలో పసుపు ముంగిసలకు పూర్తిగా వేరే రకం ఉంది.

గబ్బిలాల సంగతి మరోలా ఉంటుంది. ప్రపంచ రేబిస్ వైరస్‌ల వంశవృక్షంలో రెండు పెద్ద కొమ్మలున్నాయి. కుక్కలతో ముడిపడిన కొమ్మ దాదాపు అన్ని ఖండాలకూ వ్యాపించింది. గబ్బిలాలతో ముడిపడినది అమెరికా ఖండాలకే పరిమితం. అక్కడ వెండి వెంట్రుకల గబ్బిలంలో ఉండే రకం, శరీర ఉష్ణోగ్రత కన్నా కొంత తక్కువ వేడిలోనూ చర్మ కణాల్లో బాగా పెరగగలదని ప్రయోగాలు చూపాయి. కంటికి కనబడనంత చిన్న కాటుతోనూ అక్కడ మనుషులు చనిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

మన దగ్గర తిరిగేవి ఏవి?

మన దేశంలో వైరస్‌ను నిలబెడుతున్నది ప్రధానంగా కుక్కే. బెంగళూరులోని నిమ్హాన్స్, కెనడా శాస్త్రవేత్తలు కలిసి 2007లో ప్రచురించిన అధ్యయనం, మన కుక్కల్లో 'ఆర్కిటిక్ తరహా' శాఖ వైరస్‌లు ఉన్నట్టు తేల్చింది. ధ్రువప్రాంతపు నక్కల్లోని వైరస్‌లకు ఇవి దగ్గరి బంధువులు. దక్షిణ భారతం, శ్రీలంకల్లో 'భారత ఉపఖండ' శాఖ అనే మరో పాత శాఖ కూడా తిరుగుతోంది.

గబ్బిలాలను కూడా గమనించాల్సిందే. శ్రీలంకలో 2015లో సేకరించిన పెద్ద పండ్ల గబ్బిలాల్లో రేబిస్‌కు దగ్గరి బంధువైన 'గన్నోరువ' వైరస్ దొరికింది. ఆ జాతి గబ్బిలాలు మన చింతచెట్లకూ మర్రిచెట్లకూ వేలాడేవే. నాగాలాండ్‌లోని గబ్బిలాల రక్తంలో ఇలాంటి వైరస్‌లను ఎదుర్కొన్న ఆనవాళ్లను 2017లో గుర్తించారు.

టీకా ఒక్కటే ఎలా సరిపోతుంది?

మన రోగనిరోధక వ్యవస్థ తయారు చేసే యాంటీబాడీలు ప్రధానంగా జి-ప్రొటీన్‌కే అంటుకుంటాయి. నాడీకణంలోకి దూరడానికి వైరస్‌కు ఈ ప్రొటీనే తాళంచెవి. అందులో యాంటీబాడీలు పట్టుకునే కీలక భాగాలు కుక్క రకంలోనూ ముంగిస రకంలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. నేటి టీకాల్లో విరివిగా వాడే 'పీఎం' స్ట్రెయిన్ మూలాలు 1882 నాటి పాశ్చర్ వైరస్‌లో ఉన్నాయి. అంత పాత వైరస్‌తో చేసిన టీకా నేటి భిలాయ్ ముంగిస కాటుకూ రక్షణ ఇస్తుంది. మొకోలా, లాగోస్ గబ్బిలం వైరస్ వంటి దూరపు బంధువుల మీద మాత్రం ఈ టీకాలు సరిగా పనిచేయవు. అవి ఆఫ్రికాకు చెందినవి.

మరి రకం తెలుసుకోవడం ఎందుకు?

చికిత్సకు కాదు, నివారణకు. ఏ జంతువు వైరస్‌ను నిలబెడుతోందో తెలిస్తే, టీకా ఏ జంతువుకు వేయాలో తెలుస్తుంది. ఐరోపాలో అది ఎర్రనక్క. 1978లో స్విట్జర్లాండ్‌లో కోడి తలల్లో టీకా పెట్టి అడవుల్లో వేయడంతో మొదలైన పని, పశ్చిమ ఐరోపాలో నక్కల రేబిస్‌ను తుడిచిపెట్టింది. అమెరికా కుక్క రకాన్ని వదిలించుకున్నట్టు 2007లో ప్రకటించింది. అక్కడ గబ్బిలాలు, రకూన్లలోని రకాలు ఇంకా ఉన్నాయి.

మన పని ఒక విధంగా తేలిక, ఎందుకంటే గురి ఒక్కటే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వ్యాప్తి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కలకు పెద్ద ఎత్తున టీకాలు వేసిన గోవా, 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. దేశమంతటా చేయాల్సింది మాత్రం ఇంకా చాలా ఉంది. ఇటీవలి ఒక జాతీయ సర్వే అంచనా ప్రకారం భారత్‌లో ఏటా సుమారు 91 లక్షల మంది జంతువుల కాటుకు గురవుతున్నారు, 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారు.

కరిస్తే ఏం చేయాలి?

• గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు పూయవద్దు. మంత్రాలు, తాయెత్తుల కోసం సమయం పోగొట్టుకోవద్దు.

• అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం పోయింది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా తయారీని మన దేశం 2004లోనే ఆపేసింది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఇప్పుడు 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు.

• రక్తం వచ్చిన గాయమైతే, గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. టీకా వల్ల శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారు చేసుకునేలోగా అది కాపు కాస్తుంది.

• జంతువును 10 రోజులు గమనించే పద్ధతి కుక్క, పిల్లికి మాత్రమే వర్తిస్తుంది. అప్పుడు కూడా టీకా మొదలుపెట్టాకే గమనించాలి. ముంగిస, నక్క, కోతి విషయంలో ఆ లెక్క చెల్లదు.

రేబిస్ లక్షణాలు కనిపించాక బతికినవారు ప్రపంచంలో బహు కొద్దిమంది. లక్షణాలు రాకముందు సరైన చికిత్స అందితే దాదాపు అందరూ బతుకుతారు. మా పిన్ని 28వ రోజు సూది కూడా వేయించుకుంది. "ఆ ముంగిసకి పిచ్చి ఉందో లేదో తెలీనేలేదు కదరా" అంది ఆ రోజు. నిజమే, తెలియదు. తెలియదు కాబట్టే నాలుగు సార్లూ వెళ్లాలి.