గదగు దారిలో దిగి చూడవలసిన ఊళ్ళు

మన వర్తకులకు రైలుబండి కొత్త కాదు. సరుకు వెంట, వసూళ్ళ వెంట తిరిగినంతగా మనము మరి దేని వెంటను తిరిగి యుండము. బళ్ళారి నుండి గదగునకు నేను పత్తి బేరముల మీద 20 ఏండ్లకు పైగా పోయి వచ్చితిని. ఉదయము బండి దిగుట, నమూనా చూచుట, ధర కుదుర్చుకొనుట, రాత్రి బండి పట్టుకొనుట, ఇంతే. ఒకనాడు మా చిన్నమ్మాయి పుస్తకములో లక్కుండి గుడి బొమ్మ చూపి, "నాన్నగారూ, ఇది గదగు పక్కనే యున్నదట. మీరు చూచినారా?" అని అడిగినది. చూడలేదని చెప్పుటకు సిగ్గు వేసినది. ఆ ఊరు గదగునకు సుమారు 12 కిలోమీటర్లే!

ఈ రైలుదారి సంగతి ముందు మనవి చేసెదను. నరసాపురము నుండి హుబ్బళ్ళి పోవు అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, బళ్ళారి, హోసపేట మీదుగా గదగు చేరును. గదగు నుండి ఒక దారి ఉత్తరముగా చీలి బాదామి, బాగలకోట, విజయపురముల మీదుగా సోలాపురము పోవును. కనుక సోలాపురములోని మన తెలుగువారు అటు నుండియు, ఆంధ్ర దేశపు వారు ఇటు నుండియు రావచ్చును. నా చిన్నతనములో ఇది మీటరుగేజి దారి. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయినది. బండ్ల వేళలు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు విచారించుకొనవలెను.

హోసపేటలో దిగి హంపి చూడని వారు మనలో తక్కువ. అయితే విరూపాక్షుని గోపురము, రాతి రథము చూచి మరలుటయే గాని, కమలాపురము దారిలోని గాణిగిత్తి గుడి వద్ద ఆగువారు ఎందరు? ఇరుగప్ప దండనాయకుడు 1385లో కుంథు జినునకు కట్టించిన ఆలయమది. ముందర నిలువెత్తు రాతి దీపస్తంభము, దాని మీద శాసనము ఉన్నవి.

ఇక లక్కుండి. అచటి బ్రహ్మ జినాలయము 1007 నాటిది. కట్టించినది అత్తిమబ్బె. చాళుక్య సేనాని నాగదేవుని భార్య, ఆమె తండ్రి మల్లపయ్యది వేంగి నుండి వచ్చిన కుటుంబము. అంటే మన తెలుగు నేల నుండి పోయినవారే. భర్త పోయిన తరువాత ఆమె తన ధనమును దానధర్మములకు వెచ్చించినది. రన్న కవి 993లో అజిత పురాణము వ్రాసినది ఆమె ఆదరణలోనే. పొన్న కవి శాంతి పురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచినదని ప్రసిద్ధి. అచ్చు యంత్రము లేని కాలము. వేయి ప్రతులకు ఎన్ని తాటాకులు కావలెను, ఎందరు లేఖకులు, వారికి ఎన్ని నెలల గ్రాసము! గుడి మెట్ల మీద కూర్చుండి ఆ లెక్క వేయబోయి మానుకొంటిని. మనము ఒక సంచికకు కాగితము కొనుటకే నాలుగు మారులు సమావేశమగుదుము గదా.

గుడి లోపల నాలుగు ముఖముల బ్రహ్మ విగ్రహమును తప్పక చూడవలెను. ఊరిలో ఇతర ఆలయములు, మెట్ల బావులు కూడ అనేకము కలవు. ఒక పూట చాలదు.

గదగు నుండి బాదామికి రైలులో సుమారు ఒకటిన్నర గంట. స్టేషనుకు ఊరు 5 కిలోమీటర్ల దూరమున ఉన్నది, ఆటోలు దొరకును. ఎర్రని కొండ, దాని అడుగున చెరువు, కొండలో తొలిచిన నాలుగు గుహలు. మూడవ గుహలో మంగళేశుని నాటి శాసనము 578వ సంవత్సరమునకు సరిపోవును. నాలుగవది జైన గుహ. అందలి బాహుబలి శ్రవణబెళగొళ మూర్తి కంటె పాతవాడు; కాళ్ళకు తీగలు చుట్టుకొనియున్నవి, జడలు భుజముల మీద పడియున్నవి. కోతుల విషయమై జాగ్రత్త. మా సంచిలోని అరటిపండ్లు ఒకటియు మిగల్చలేదు.

మొదటిమారు పోయినప్పుడు నేనొక పొరపాటు చేసితిని. మధ్యాహ్నము బాదామిలో దిగి, ఆ పూటలోనే పట్టదకల్లు, ఐహొళె రెండును చూడవచ్చునని జీపు మాటాడితిని. బేరము బాగుగనే కుదిరినది గాని ప్రొద్దు లెక్క తప్పినది. పట్టదకల్లు 22 కిలోమీటర్లు. ఐహొళె అచటి నుండి మరికొంత దూరము. ఐహొళె చేరుసరికి ప్రొద్దు క్రుంకినది, మేగుటి గుడి చూడనే లేదు. సూర్యాస్తమయము తరువాత మా అమ్మగారు నీళ్ళు కూడ ముట్టరు. కట్టుకొని వచ్చిన చపాతీలు డబ్బాలోనే ఉండిపోయినవి. డెబ్బది దాటిన మనిషి మరునాటి ఉదయము వరకు పస్తున్నది. ఒక్క మాట అనలేదు. అని యుండిన బాగుండెడిది.

మరుసటి యేడు మరల పోయితిమి. ఈమారు రాత్రి బాదామిలో బసచేసి, తెల్లవారగనే ముందు దూరపు ఊరు ఐహొళెకు, తిరుగు దారిలో పట్టదకల్లుకు అని ఏర్పాటు చేసితిని. ముసలివారు, పిల్లలు ఉన్నచో ఈ వరుసయే మేలు; ఎండ ముదరక మునుపే కొండ ఎక్కుట అగును.

మేగుటి జినాలయము కొండ మీద ఉన్నది. 634లో రవికీర్తి కట్టించినది. తూర్పు గోడ మీద ఆయన రచించిన సంస్కృత శాసనము కలదు. రెండవ పులకేశి హర్షుని ఎదిరించిన సంగతి ఇందులో ఉన్నది. అందులోనే పులకేశి మన పిఠాపురమును గెలిచిన సంగతి, కొల్లేటి యుద్ధము ఉన్నవి. ఆ తరువాత వేంగిలో రాజ్యము నెలకొల్పిన కుబ్జవిష్ణువర్ధనుడు ఈ పులకేశి తమ్ముడే. కాళిదాస భారవులంతటి కీర్తి తనకు గలదని రవికీర్తి చెప్పుకొనుట వలన ఆ మహాకవుల కాలము నిర్ణయించుటకు కూడ పండితులకు ఆధారము దొరికినది. పాత కన్నడ లిపి మాకు ఒక్క అక్షరము తెలియదు. అయినను మా అమ్మాయి గోడకు ఎదురుగా నిలిచి పంక్తులు లెక్కపెట్టుచుండెను.

అమ్మగారు మెల్లగా మెట్లెక్కి వచ్చి, అంతయు చూచి, దిగినారు. కొండ క్రింద చెట్టు నీడలో డబ్బా విప్పునప్పటికి ఉదయము పదకొండు గంటలు. మొదటి చపాతీ చేతికి తీసుకొని, "పోయిన యేటి బాకీ తీరినదిరా అబ్బాయీ" అన్నారు.