వేరు కింద కొలువు

తొలకరి చినుకు పడగానే గుప్పుమనే మట్టి వాసనకు ఎక్కువగా కారణం మట్టిలోని బ్యాక్టీరియా. స్ట్రెప్టోమైసిస్ అనే ప్రజాతి తయారుచేసే ఆ వాసన పదార్థానికి జియోస్మిన్ అని పేరుపెట్టింది 1965లో, న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీలో. అక్కడే 1915లో వ్యవసాయ డిగ్రీ చదివిన సెల్మన్ వాక్స్‌మన్, జీవితమంతా మట్టి సూక్ష్మజీవులతోనే కాలం గడిపాడు. 1943లో ఆయన ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ ఆ ప్రజాతి నుంచే స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయకు మందు దొరికింది. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే వచ్చింది.

మట్టిలో మందు దొరికిన కథ ఇంకొకటి ఉంది. దాంట్లో మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టి బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, 1940లలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథి. వృక్షశాస్త్రంలో, శిలీంధ్రాల్లో పండిపోయిన బెంజమిన్ డగ్గర్ డెబ్బై దాటాక, యూనివర్సిటీలో రిటైరయ్యాక అక్కడ చేరాడు. రకరకాల ఊళ్ల మట్టి తెప్పించుకునేవాడు. మిస్సోరి యూనివర్సిటీకి చెందిన శాన్‌బోర్న్ ఫీల్డ్‌లో, 1888 నుంచి ప్రయోగాలు సాగుతున్న పొలంలో, గడ్డి పెరిగే ఒక మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు కాలనీ కనిపించింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ పెద్దక్క. తరవాత 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారావు పేరిట సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు.

ఆనాడు మట్టిలో మందు వెతికారు. ఇప్పుడు అమెరికాలో అదే మట్టిలో ఎరువు వెతుకుతున్నారు. ఉద్యోగాలూ అటువైపే ఉన్నాయి.

ఎందుకో తెలియాలంటే వేరు దగ్గరికి వెళ్లాలి. మొక్క ఆకుల్లో వండుకున్న పిండివంటలో కొంత భాగాన్ని వేళ్ల గుండా మట్టిలోకి వదులుతుంది. ఆ విందుకు లక్షల సూక్ష్మజీవులు చేరతాయి. వేరు చుట్టూ ఉండే ఈ సందడి ప్రాంతానికి 1904లో లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. తిన్నవాళ్లు ఊరికే పోరు. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు. వేరు తన పక్కనున్నది తినేశాక ఆగిపోతుంది. వేరుకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉండే శిలీంధ్రపు దారాలు దూరాన ఉన్న భాస్వరాన్ని మోసుకొచ్చి ఇస్తాయి. వీటినే మన రైతులు వ్యామ్ అంటారు. రైజోబియం అయితే పప్పుజాతి మొక్కల వేళ్లపై బుడిపెల్లో కాపురం పెట్టి గాలిలోని నత్రజనిని అందిస్తుంది.

చిక్కల్లా మొక్కజొన్నతో. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ విస్తీర్ణంలో పండేది అదే, నత్రజని ఎరువు గుమ్మరించేదీ దానికే. దానికి బుడిపెలు రావు. అందుకే వేరును అంటిపెట్టుకుని బతికే బ్యాక్టీరియా జన్యువులను సవరించి, ఎరువు ఉన్నా నత్రజని పట్టడం మానకుండా చేసి, పివట్ బయో అనే కాలిఫోర్నియా కంపెనీ రైతులకు అమ్ముతోంది. రెండు డానిష్ కంపెనీలు 2024లో కలిసి నోవోనెసిస్ అయ్యాయి. దానికీ అమెరికాలో జీవన ఎరువుల వ్యాపారం ఉంది. ఇలాంటి చోట్ల కావలసినవాళ్లు మూడు రకాలు: సూక్ష్మజీవుల్ని వేరుచేసి పెంచేవాళ్లు, పొలంలో పరీక్షించేవాళ్లు, డీఎన్ఏ లెక్కలు తేల్చేవాళ్లు. ఒకే మనిషికి రెండు వచ్చి ఉంటే ఇంటర్వ్యూ సగం గట్టెక్కినట్టే.

పని ఎలా ఉంటుందో చూద్దాం. అయోవాలో జూన్ ఎండ. రీసెర్చ్ అసిస్టెంట్ మోకాళ్ల మీద కూర్చుని ఇనుప గొట్టాన్ని మట్టిలోకి దించుతుంది. బయటికి లాగిన మట్టిని నంబరు వేసిన సంచిలో వేసి ఐస్‌పెట్టెలో పెడుతుంది. ఒక్క మడి అయింది. ఇంకా ముప్ఫై ఉన్నాయి. ల్యాబ్‌లో రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడుతుంది, డీఎన్ఏ తీస్తుంది. సన్న వేళ్లను క్షారంలో ఉడికించి నీలం రంగు అద్ది సూక్ష్మదర్శిని కింద పెడితే, కణాల్లో చిన్న చెట్టులా కొమ్మలు వేసిన శిలీంధ్రం కనిపిస్తుంది. చలికాలమంతా ల్యాప్‌టాప్ ముందు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషతో కుస్తీ. బ్యాక్టీరియాల పట్టికలో వేల వరసలుంటాయి. కోడింగ్ వచ్చిన తెలుగు పిల్లకు ఇది చిన్న వరమే.

అమెరికా వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది అప్పు చేసి కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు క్యూ కడతారు. ఈ మట్టి చదువుకు దారి వేరు. 1862 నాటి మోరిల్ చట్టం కింద ల్యాండ్‌గ్రాంట్ హోదా పొందిన యూనివర్సిటీలు, అంటే కార్నెల్, పర్డ్యూ, అయోవా స్టేట్, కాన్సాస్ స్టేట్ లాంటివి, పరిశోధన విద్యార్థులకు చాలావరకు అసిస్టెంట్‌షిప్ ఇస్తాయి. వారానికి 20 గంటల పని, బదులుగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చదివినవాళ్లకు ఇబ్బంది లేదు. మూడేళ్ల బీఎస్సీ మైక్రోబయాలజీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. అలాంటప్పుడు ఇండియాలోనే ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీకి వెళ్లడం మేలు.

సీటు ఖరారయ్యేది ప్రొఫెసర్ దగ్గర నిధులుంటేనే. కాబట్టి దరఖాస్తుకన్నా ముందు మెయిల్ ముఖ్యం. 'రెస్పెక్టెడ్ సర్, మీ ఘనమైన యూనివర్సిటీలో చేరాలని నాకెంతో ఆసక్తి' అంటూ వందమందికి ఒకేసారి పంపిన మెయిల్ ఎవరూ చదవరు. ఆ ప్రొఫెసర్ తాజా పేపరులో ఏ ప్రశ్న మిగిలిపోయిందో రెండు వాక్యాలు, తను చేతులతో చేసిన పని రెండు వాక్యాలు రాస్తే చాలు. చాలాచోట్ల డిసెంబరు, జనవరిలకే గడువు ముగుస్తుంది గనుక సెప్టెంబరులోనే రాయాలి.

ఇబ్బందులూ చెప్పాలి. జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండదు. ఫెడరల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఏఆర్ఎస్‌లో శాశ్వత ఉద్యోగాలు దాదాపు పౌరులకే. 2025లో ఫెడరల్ సైన్స్ నిధులకు కోతలు పడి కొన్ని ల్యాబ్‌లు కొత్త విద్యార్థుల్ని తగ్గించుకున్నాయి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, కోర్సు స్టెమ్ జాబితాలో ఉందో లేదో యూనివర్సిటీనే అడిగి తెలుసుకోవాలి. ఉంటే చదువు తరవాత దొరికే ఏడాది పని అనుమతికి మరో 24 నెలలు కలుస్తాయి.

వెళ్లేలోపు చేయదగ్గ పని ఒకటుంది, ఖర్చు లేనిది. పూతకొచ్చిన వేరుశనగ లేదా మినుము మొక్కలు పదింటిని పారతో వేళ్లు తెగకుండా తవ్వి, నీళ్లలో కడిగి, బుడిపెలు లెక్కపెట్టాలి. బ్లేడుతో ఒక్కోటి కోయాలి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పడుతోంది, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు. రైజోబియం పట్టించిన మడిలో ఎన్ని, పట్టించని మడిలో ఎన్ని అన్న పట్టిక ఒకటి గీస్తే, ప్రొఫెసర్‌కు రాసే ఆ రెండు వాక్యాలూ దొరికినట్టే.