కొనే చెయ్యి ఆగాలి, చూసే కన్ను ఎదగాలి

నగిషీ చెక్కిన పాతకాలం లీవర్ యాక్షన్ పిస్తోళ్లు సేకరించాలని ఉందా? మంచి హాబీ ఎంచుకున్నారు. ఓపిక, పరిశీలన, సెల్ఫ్ కంట్రోల్ మూడూ ఒకేసారి అలవడతాయి. ఇవాళే మొదలుపెట్టండి. ఒకటే షరతు: మొదటి ఏడాది పర్సు తీయొద్దు.

మరి ఏడాదంతా ఏం చేయాలి? చదవాలి. చూడాలి. రాసుకోవాలి.

చదువు 1848తో మొదలుపెట్టండి. ఆ ఏడాది అమెరికాలో వాల్టర్ హంట్ 'రాకెట్ బాల్' అనే తూటాకు పేటెంట్ తీసుకున్నాడు. తూటా అడుగున బోలుగా ఉంటుంది, మందు అందులోనే నింపుతారు. ఆ తూటాల్ని వరసగా పేల్చే రైఫిల్ కూడా తయారుచేశాడు కానీ, యంత్రాంగం మరీ సున్నితం, నిలబడలేదు.  

హంట్ ఐడియాను లూయీస్ జెన్నింగ్స్ కాస్త సులువు చేశాడు. హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ ఇంకా మెరుగుపరిచి 1854 ఫిబ్రవరి 14న పేటెంట్ పొందారు. కనెక్టికట్‌లోని నార్విచ్‌లో పిస్తోళ్లు తయారుచేశారు. ట్రిగ్గర్ దగ్గరున్న రింగులో వేలు పెట్టి లీవర్ కిందికి తోస్తే చాలు. బ్యారెల్ కింది గొట్టంలో ఉన్న తూటా పైకి లేస్తుంది. 1855లో అదే వ్యాపారం 'వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీ' అయింది. తర్వాత న్యూ హేవెన్‌కు మారింది. 1857 కల్లా దివాలా తీసింది.

ఎందుకు? తూటా బోలులో పట్టే మందే కొంచెం. దెబ్బలో బలం లేదు. పైగా పేలినప్పుడు గ్యాస్ బయటికి చిమ్మేది.

ఇక్కడే ఆగి ఆలోచించండి. వాటాదారుల్లో ఒకాయన చొక్కాల వ్యాపారి, పేరు ఆలివర్ విన్‌చెస్టర్. చాలామంది అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆయన మాత్రం దివాలా తీసిన కంపెనీ ఆస్తులు తీసుకుని న్యూ హేవెన్ ఆర్మ్స్ కంపెనీ పెట్టాడు. బెంజమిన్ టైలర్ హెన్రీ చేత అసలు లోపం సరిచేయించాడు. బోలు తూటా పోయి, లోహపు తొడుగున్న తూటా వచ్చింది. 1860లో హెన్రీ రైఫిల్‌కు పేటెంట్, 1866లో విన్‌చెస్టర్ కంపెనీ. మీరు వెతికే పిస్తోలు ఈ వరసలో మధ్యమెట్టు. కొన్నేళ్లే తయారైంది కాబట్టి తక్కువగా దొరుకుతుంది. అందుకే దానికంత విలువ.

ఇప్పుడు చూడటం. మీ అసలు ట్రైనింగ్ ఇదే, దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి.

స్మిత్, వెసన్ కాలం పిస్తోళ్ల ఫ్రేమ్ ఇనుముది. వోల్కానిక్ పేరుతో వచ్చినవాటి ఫ్రేమ్ ఇత్తడి రంగులో ఉంటుంది. నగిషీ ఎక్కువగా తీగలు, మెలికలు. కన్ను పెట్టాల్సింది డిజైన్ అందం మీద కాదు, అరుగుదల మీద. పాత నగిషీ లోహంతో పాటే అరుగుతుంది. చెయ్యి తగిలేచోట గీత లోతు తగ్గుతుంది, మూలల్లో పదునుగా మిగులుతుంది. చుట్టూ లోహం అరిగిపోయి గీత మాత్రం కొత్తగా, పదునుగా ఉందా? అనుమానించండి. గీత పాత సొట్టలోకి దిగి మళ్లీ పైకి వచ్చిందా? సొట్ట ముందు పడింది, నగిషీ తర్వాత చెక్కారు. బ్యారెల్ మీద పేటెంట్ తేదీ అక్షరాలు పల్చబడి, అంచులు గుండ్రంగా అయ్యాయా? ఎవరో మెషీన్ మీద రుద్దేసి ఉండొచ్చు.

ఈ ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వేలం కేటలాగ్ ఫొటో చూసిన ప్రతిసారీ వేసుకోండి. జవాబు రాసి తేదీ వేయండి. కొన్ని నెలలకు మొదటి పేజీలు తిరగేయండి. మీ కన్ను ఎంత ఎదిగిందో మీకే తెలుస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు వయోమింగ్ వెళ్తే కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం తప్పక చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి. వస్తువులు వేరే అయినా, లోహం మీద పనితనం చదివే అలవాటు ఒకటే.

కొనే దశకు వచ్చారా? ఇవి గట్టిగా పట్టుకోండి:

• చట్టం ముందు. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898, అంతకు ముందు తయారైనవి యాంటిక్ కిందికి వస్తాయి. రాష్ట్రాల రూల్స్ వేరు, చూసుకోండి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ఉంది. బాగుచేస్తే పేలే తుపాకీ ఎంత పాతదైనా, లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకోవద్దు.

• నచ్చిన రోజే డబ్బు కట్టొద్దు. ఒక రాత్రి నిద్రపోండి. ఆత్రం తగ్గాక కూడా కావాలనిపిస్తే, అప్పుడు మాట్లాడండి.

• మెరుగు పెట్టొద్దు. ఇత్తడి మీది నల్లటి పొర చూస్తే చెయ్యి లాగుతుంది, పూజసామాన్లలా చింతపండుతో తోమేయాలనిపిస్తుంది. ఆపుకోండి. ఆ పొర నూట అరవై ఏళ్ల పైచిలుకు సాక్ష్యం. ఒకసారి పోతే తిరిగి రాదు, విలువ కూడా పోతుంది.

• ట్రిగ్గర్‌తో ఆడొద్దు. పాత స్ప్రింగులు విరుగుతాయి. తెలిసిన మనిషి చూసి లోపల తూటా లేదని చెప్పే దాకా, ఉందనే అనుకోండి.

నకిలీ నగిషీని గుర్తుపట్టి "వద్దండీ" అని మర్యాదగా చెప్పి వెనక్కి వచ్చిన రోజు, మీరు కలెక్టర్ అయినట్టే. ఆ రోజు మీ అల్మారా ఖాళీగా ఉన్నా సరే.

ఈ ఆదివారం రెండు గంటలు ఖాళీ చేసుకోండి. నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీ మీద ఒక వోల్కానిక్ పిస్తోలు ఫొటో అంటించి, అరుగుదల ఎక్కడుందో మీ మాటల్లో రాయండి.